వంశవృక్షం పని డైరీ: పాతపట్నం వైపు ఒక వేరు, బొబ్బిలి వైపు ఒక వేరు

పని ఇది. ఒక కుటుంబానికి రెండు వైపులా ఐదేసి తరాలు కాగితం మీదికి తేవాలి. తండ్రివైపు ఊరు పాతపట్నం దగ్గర, తల్లివైపు ఊరు బొబ్బిలి దగ్గర. మొదలుపెట్టేనాటికి చేతిలో ఉన్నవి తాత పేరు, ముత్తాత పేరు, అమ్మమ్మ పుట్టింటి ఊరు. అంతే. నియమం ఒక్కటే పెట్టుకున్నాం: ఎవరు ఎవరి బిడ్డో చెప్పే ప్రతి ముడికీ రెండు వేర్వేరు రకాల రుజువులు కావాలి. ఒక్కటే దొరికితే పటంలో పెన్సిలుతో రాయాలి, రెండోది దొరికాకే సిరా.

1వ వారం: ముందు ఊరి జాతకం

ఈ వారం మనుషుల్ని వెతకలేదు. రెండు ఊళ్లకీ చెరో కాగితం తీసుకుని, ఏ ఏట ఏ జిల్లా, ఏ తాలూకా, ఏ జమీందారీ, ఏ సబ్ రిజిస్ట్రారు ఆఫీసు అని వరుసగా రాశాం. మన జిల్లాల్లో ఈ మెట్టు దాటేసి నేరుగా పేర్ల వేటలో పడితే నెలల తరబడి ఖాళీ చేతులే. కాగితం ఉంటుంది, కాకపోతే మనం అడుగుతున్న ఊళ్లో ఉండదు.

పాతపట్నం వైపు ఊరు 1936 మార్చి నెలాఖరు దాకా గంజాం జిల్లా, పర్లాకిమిడి జమీందారీ. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి పట్నం అటు పోయింది, ఈ ఊరు ఇటు మిగిలి విశాఖపట్నం జిల్లాలో కలిసింది. 1950 ఆగస్టు 15 నుంచి శ్రీకాకుళం జిల్లా. కాబట్టి 1920ల నాటి దస్తావేజు కోసం శ్రీకాకుళంలో ఎంత వెతికినా ఉండదు. పర్లాకిమిడి ఇప్పుడు ఒడిశాలో గజపతి జిల్లా కేంద్రం. అది కూడా 1992లో గంజాం నుంచి విడిపోయిన జిల్లా.

బొబ్బిలి వైపు ఊరు 1950 దాకా విశాఖపట్నం జిల్లా, అక్కణ్ణుంచి 1979 దాకా శ్రీకాకుళం జిల్లా, 1979 జూన్ 1 నుంచి విజయనగరం జిల్లా. అంటే 1960లో ఈ ఊరివాళ్లు రాయించుకున్న కాగితం మీద 'శ్రీకాకుళం జిల్లా, బొబ్బిలి తాలూకా' అని ఉంటుంది. అది తప్పు కాదు. సాలూరు, పార్వతీపురం, చీపురుపల్లి వాళ్లకీ ఇదే లెక్క.

తరవాత రెండు కుదుపులు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. ఒక తాలూకా రికార్డు అంతా ఒకే మండలానికి వెళ్లిందనుకోకూడదు. 2022 ఏప్రిల్ 4న పాలకొండ, వీరఘట్టం పార్వతీపురం మన్యం జిల్లాలోకీ, రాజాం, వంగర విజయనగరం జిల్లాలోకీ వెళ్లాయి. పాత కట్టలు కొత్త జిల్లాకి బదిలీ అయ్యాయా, పాత చోటే ఉన్నాయా అన్నది ప్రతి కట్టకీ విడిగా అడగాలి.

ఇంకో మాట. ఇంగ్లీషు రికార్డుల్లో మన శ్రీకాకుళం 'చికాకోల్'. 'శ్రీకాకుళం' అని వెతికితే కృష్ణా జిల్లా ఘంటసాల మండలంలోని శ్రీకాకుళం తగులుతుంది. అది వేరే ఊరు.

ఊరి పేరు విషయంలో తప్పనిసరిగా తేల్చుకోవాల్సింది రెవెన్యూ గ్రామం. ఇంట్లోవాళ్లు చెప్పేది చాలాసార్లు శివారు పేరు. రిజిస్టర్లు రెవెన్యూ గ్రామం పేరు మీదే నడుస్తాయి. తల్లివైపు ఊరు అలాంటి శివారే, పేరు చివర 'వలస' ఉంది. బొబ్బిలి, పార్వతీపురం చుట్టుపక్కల వలసలు కోకొల్లలు. పేరే చెబుతోంది, ఎక్కణ్ణుంచో వచ్చి కట్టుకున్న ఊరని. అలాంటి ఊళ్లో మూడు నాలుగు తరాలు వెనక్కి వెళ్లేసరికి దారి ఆగిపోతే రికార్డు పోయిందనుకోవద్దు, అసలు ఊరు ఇంకోటి ఉందనుకోవాలి. కులదేవత గుడి ఏ ఊళ్లో ఉందో, మొక్కులు ఎక్కడ తీరుస్తారో అడిగితే ఆ ఊరి ఆచూకీ తెలుస్తుంది.

2వ వారం: ట్రంకుపెట్టె

ఆఫీసుకి వెళ్లే ముందు ఇంట్లో కాగితాలన్నీ బయటికి తీశాం. తండ్రివైపు ఇంట్లో శిస్తు రసీదులు ఇనపతీగకి గుచ్చి ఉన్నాయి. అలా గుచ్చిన కట్టని విప్పే ముందు వరుస చెడకుండా ఫోటో తీయాలి. ఆ వరుసే ఏళ్ల వరుస. తీగ తుప్పుపట్టి కాగితానికి అతుక్కుంటే లాగకూడదు, తీగనే కత్తిరించాలి.

ఒక రసీదు వివరంగా: అరచేయంత కాగితం, నడిమధ్య తుప్పు చిల్లు. పైన ఎస్టేటు పేరు అచ్చులో, కింద చేతిరాతతో పట్టా నంబరు, కట్టినవారి పేరు, తండ్రి పేరు, రూపాయలు అణాలు పైసలు, పక్కన 'ఫసలీ 1341'. ఫసలీ అంటే శిస్తు లెక్కల సంవత్సరం, దానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం. మద్రాసు ప్రెసిడెన్సీలో ఫసలీ జూలై 1న మొదలై జూన్ 30న ముగుస్తుంది కాబట్టి 1341 అంటే 1931 జూలై నుంచి 1932 జూన్. పట్టా నంబరు వేరే పుస్తకంలో విడిగా రాసుకోవాలి. పేరు మారినా నంబరు కొన్నేళ్లు అదే నడుస్తుంది, వారసత్వాన్ని పట్టిచ్చేది అదే.

మరో పెట్టెలోవి తిత్లీ తుఫానుకి (2018 అక్టోబరు 11) తడిసిన దస్తావేజులు. అంటుకుపోయిన మడతలకి ఎండ పెట్టకూడదు. నీడన, దూరంగా ఫ్యాను గాలిలో, మధ్యన అచ్చులేని తెల్లకాగితాలు దూర్చి, అవి చెమ్మ పీల్చగానే మార్చుతూ ఆరబెట్టాలి. వార్తాపత్రిక పెడితే సిరా అంటుతుంది. సెల్లోటేపు వద్దు, లామినేషన్ అసలే వద్దు. టేపు జిగురు పదేళ్లలో పసుపెక్కి అక్షరాన్ని తినేస్తుంది. లామినేషన్ చేసిన కాగితాన్ని మళ్లీ బయటికి తీయలేం.

ఫోటోలు: పేజీ మొత్తం ఒకటి, నాలుగు ముక్కలుగా నాలుగు, వెనకవైపు ఒకటి. స్టాంపు కాగితం వెనక స్టాంపు అమ్మినవారి సంతకం, తేదీ, కొన్నవారి పేరు ఉంటాయి. సిరా వెలిసిపోయిన చోట టార్చిని పక్కనుంచి వాల్చి వెలుగు పెడితే కలం నొక్కు కనిపిస్తుంది. గోధుమరంగుకి తిరిగిన పాత సిరా అయితే ఫోటో ఎడిటరులో నీలం చానెల్ ఒక్కటే ఉంచి నలుపు-తెలుపుగా మార్చితే తేటపడుతుంది.

3వ వారం: పెద్దవాళ్ల నోటి మాట

'ఏ సంవత్సరం?' అని అడిగితే జవాబు రాదు, వచ్చినా అది ఊహే. 'నీ పెళ్లినాటికి ఊళ్లో కరెంటు ఉందా మామ్మా?' 'రంగం నుంచి జనం నడిచొచ్చేసరికి పెద్దోడు పుట్టాడా?' అని అడిగితే ఏడాది రెండేళ్ల తేడాలో దొరుకుతుంది. బర్మా నుంచి నడిచి రావడం 1942. జమీందారీ పోవడం 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తరవాతి మాట. కొండల్లో నక్సలైట్ల గొడవ 1967 నుంచి 1970 మధ్య. ఇవి మేకుల్లా దిగిన గుర్తులు.

పేర్లు అడగడానికి మంచి సమయం సంక్రాంతి. పెద్దలకి బట్టలు పెట్టేటప్పుడు ఇంటి ఆడవాళ్లు ఎవరెవరి పేరున పెడుతున్నారో వరుసగా చెబుతారు. విడిగా కూర్చోబెట్టి అడిగితే తట్టని పేర్లు అక్కడ వచ్చేస్తాయి. తద్దినం పెట్టే ఇళ్లలో అయితే ఇంకా సూటిగా దొరుకుతాయి. తండ్రి, తాత, ముత్తాత మూడు పేర్లు గోత్రంతో సహా చెప్పించాల్సిందే. పురోహితుడి దగ్గర తిథుల పుస్తకం ఉంటే చనిపోయిన మాసం, పక్షం, తిథి దొరుకుతాయి.

తిథిని తేదీగా మార్చేటప్పుడు ఎక్కువమంది ఒకే తప్పు చేస్తారు. ముత్తాత తిథి 'తారణ, మాఘ బహుళ ఏకాదశి'. తారణ అంటే 1944 ఉగాది నుంచి 1945 ఉగాది దాకా. మాఘ ఫాల్గుణాలు ఇంగ్లీషు క్యాలెండరులో మరుసటి ఏటికి వెళ్తాయి కాబట్టి ఇది 1945 ఫిబ్రవరి, 1944 కాదు. అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగొస్తుంది గనక 1884-85 కూడా తారణే. మనిషి వయసుతో సరిపోల్చి చూడాలి.

పేర్ల గురించి. తాత పేరు మనవడికి పెట్టడం మన అలవాటు, కాబట్టి ఒకే ఇంట్లో తరం విడిచి తరం అదే పేరు. రెండు కాగితాల్లో అదే పేరు, అదే ఇంటిపేరు కనిపించగానే ఒకే మనిషి అనుకుంటే ఏకంగా రెండు తరాలు మాయమవుతాయి. తండ్రి పేరు పోల్చందే కలపకూడదు. సింహాచలం, పైడితల్లి లాంటి పేర్లు ఆడవాళ్లకీ మగవాళ్లకీ ఉంటాయి. అప్పన్న, కూర్మయ్య, సూర్యనారాయణ ఒక్కో ఊళ్లో పదిమంది ఉంటారు. పెద, చిన అన్న ముందుమాట వదలకుండా రాయాలి. 'చిన అప్పన్న' ఉన్నాడంటే 'పెద అప్పన్న' ఎక్కడో ఉన్నాడు. వెతకాల్సిన మనిషి పేరు అలా ఊరికే దొరికినట్టు.

4వ వారం

జనన మరణాల రిజిస్టరు. ఇప్పటి చట్టం 1969ది, ఆచరణ 1970 నుంచి. అంతకుముందువి గ్రామాధికారులు రాసినవి. పుట్టిన బిడ్డకి పేరు ఉండదు, 'మగ' 'ఆడ' అని మాత్రమే ఉంటుంది. తండ్రి పేరుతో వెతకాలి. తాత అన్న పుట్టుక ఒక్కటి దొరికింది, మిగతా ఏళ్లకి 'రికార్డు లేదు' అని రాయించుకున్నాం. ఆ రాత కూడా దాచాలి, మళ్లీ తిరిగే పని తప్పుతుంది.

బడి అడ్మిషన్ రిజిస్టరులో తండ్రి పేరు, ఊరు నమ్మొచ్చు. పుట్టినతేదీ నమ్మకూడదు. బడి తెరిచే రోజుల చుట్టూ, జూన్ 1, జూలై 1 అని గంపగుత్తగా వేసినవి చాలా ఉంటాయి.

5, 6, 7 వారాలు: రిజిస్ట్రేషన్ పుస్తకాలు

ఈ మొత్తం పనిలో ఇదే గుండెకాయ. కారణం చట్టంలోనే ఉంది. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం దస్తావేజులో మనిషిని చెప్పేటప్పుడు కాపురం ఉండే ఊరు, వృత్తి, తండ్రి పేరు రాయాలి. తల్లి పేరుతోనే పిలవబడే మనిషైతే తల్లి పేరు రాయాలి. శిస్తు రసీదు రాసిన గుమస్తాకి ఆ నిర్బంధం లేదు. మన దేశంలో దస్తావేజుల రిజిస్ట్రేషన్ 1865 నుంచి ఉంది, కాబట్టి జమీందారీ ఊళ్లలో సర్కారు భూమి రికార్డు పుట్టకముందే దస్తావేజు ఉంది.

ఆన్‌లైన్ ఈసీ (ఒక ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే పత్రం) 1983 నుంచే. అంతకుముందుది ఆఫీసులో చేత్తో వెతికించాల్సిందే. దరఖాస్తులో రెవెన్యూ గ్రామం, వెతకాల్సిన ఏళ్లు, పేర్లు, సర్వే నంబరు ఉంటే అదీ రాయాలి. వెతుకుడు రుసుము ఏళ్ల లెక్కన పడుతుంది. అందుకని ఒకేసారి 60 ఏళ్లు అడగకుండా, ఇంట్లో కాగితాల వల్ల తేలిన పదేళ్ల ముక్కలే అడగడం మేలు.

ఏ పుస్తకం ఏమిటో తెలిస్తే అడగడం తేలిక. 1వ పుస్తకం స్థిరాస్తి: అమ్మకం, తాకట్టు, భాగపంపకాలు, సెటిల్‌మెంటు. 3వ పుస్తకం వీలునామాలు, దత్తత తీసుకోడానికి ఇచ్చిన అధికారాలు. 4వ పుస్తకం ఇతరాలు. 1వ పుస్తకాన్నీ దాని ఇండెక్సులనీ రుసుము కట్టి ఎవరైనా చూడొచ్చు. వీలునామా నకలు రాసిన మనిషి బతికుండగా ఆయనకీ ఆయన ఏజెంటుకీ తప్ప ఇవ్వరు, పోయాక ఎవరు అడిగినా ఇస్తారు. మరణ ధ్రువపత్రం జతచేస్తే పని నడుస్తుంది. 4వ పుస్తకం నకలు ఆ దస్తావేజుతో సంబంధం ఉన్నవారికే.

ఇండెక్స్ 1 పేర్లది, ఇండెక్స్ 2 ఆస్తులది. పేర్లది పాతకాలంలో ఇంగ్లీషులో రాసి ఉంటే ఒకే ఇంటిపేరు మూడు నాలుగు రకాలుగా కనిపిస్తుంది. వెళ్లే ముందే అన్ని స్పెల్లింగులూ ఒక చీటీ మీద రాసుకోవాలి. ఇంటిపేరు మొదటి అక్షరం కింద లేకపోతే అసలు పేరు మొదటి అక్షరం కింద చూడాలి. అక్కడా లేకపోతే ఇండెక్స్ 2లో ఊరి పేరు కింద ఆ ఏడాది ఎంట్రీలన్నీ చదవాలి. చిన్న ఊరైతే ఏడాదికి ఓ పేజీ దాటదు. పేరు తప్పు రాసినా ఊరు తప్పు రాయరు, కాబట్టి మాకు ఎక్కువ ఫలితం ఇచ్చింది ఈ మూడో దారే.

ఏం దొరికింది: 1947 నాటి భాగపంపకాల దస్తావేజు. అందులో తాతనీ ఆయన అన్ననీ చెబుతూ 'లేటు' అని తండ్రి పేరు. ఈ 'లేటు' మాట చాలా పనికొస్తుంది. 1943 తాకట్టులో అదే తండ్రి స్వయంగా సంతకం పెట్టాడు, 1947లో లేటు. చావు ఆ నాలుగేళ్ల మధ్యది. తిథి లెక్క చెప్పిన 1945 ఫిబ్రవరి సరిగ్గా అందులో పడింది. నోటిమాట ఒకటి, దస్తావేజు ఒకటి, రెండు రకాల రుజువు. ముత్తాత చావు సిరాలోకి వచ్చింది.

అదే దస్తావేజు షెడ్యూలు మీద ఇంకో లాభం. ఆ భూమి కుటుంబానికి ఎలా వచ్చిందో చెబుతూ '1921లో పర్లాకిమిడి రిజిస్ట్రారు ఆఫీసులో' ఫలానా నంబరు అని రాసి ఉంది, కొన్నవారి పేరు ముత్తాత తండ్రిది. మొదటి వారం జాబితా లేకపోతే ఈ నంబరుని శ్రీకాకుళంలో వెతుకుతూ ఉండేవాళ్లం. నాలుగో తరం పేరు పెన్సిలుతో ఎక్కింది.

ఆడవాళ్లు ఎక్కడ కనిపిస్తారో ప్రత్యేకంగా రాసుకోవాలి, ఎందుకంటే వంశవృక్షాల్లో వాళ్ల గళ్లే ఖాళీగా ఉంటాయి, అది న్యాయం కాదు. పసుపు కుంకుమ కింద కూతురికి రాసిచ్చిన సెంట్లు. పిల్లలు మైనర్లయితే సంరక్షకురాలిగా తల్లి. భర్త పోయాక మనోవర్తి కింద రాసిచ్చిన భూమి. ఈ మూడు రకాల దస్తావేజుల్లో ఆమె పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఊరు మూడూ ఉంటాయి. తల్లివైపు ముత్తవ్వ పేరు అలా మైనరు కొడుకు తరఫున వేలిముద్ర వేసినచోట దొరికింది. అప్పటిదాకా ఇంట్లో ఎవరికీ ఆ పేరు తెలియదు.

దొరకని వాటికి కారణాలు కూడా రాయాలి. వంద రూపాయల లోపు స్థిరాస్తి అమ్మకానికి రిజిస్ట్రేషన్ నిర్బంధం కాదు, భూమి అప్పగిస్తే చాలు. పాత రోజుల్లో చిన్న చెక్కలు చాలావరకు ఆ లోపే. భూమి ఎప్పుడూ చేయి మారకుండా తండ్రి నుంచి కొడుక్కి వస్తే అసలు దస్తావేజే పుట్టదు. ఇక ఇల్లరికం. కూతురికి అల్లుణ్ణి ఇల్లరికం తెచ్చుకుంటే అల్లుడి ఇంటిపేరు మారదు, భూమి మాత్రం మామగారిది. పట్టా ఒక ఇంటిపేరు మీద నుంచి ఇంకో ఇంటిపేరు మీదికి అమ్మకం లేకుండా దూకితే మొదట ఇల్లరికమో దత్తతో అని అనుమానించాలి. తల్లివైపు మూడో తరంలో జరిగింది ఇదే.

8వ వారం: భూమి రికార్డు, అది ఎందుకు ఆలస్యంగా మొదలవుతుంది

గోదావరి, కృష్ణా డెల్టా రైతువారీ (రైతే నేరుగా సర్కారుకి శిస్తు కట్టే) ఊళ్లవాళ్లు రాసిన సలహాలు చదివి మన దగ్గర అదే చేస్తే తలుపు మూసుకుంటుంది. ఇక్కడ చాలా ఊళ్లు 1802 శాశ్వత పరిష్కారం నుంచీ జమీందారీలే. సర్కారుకి శిస్తు కట్టింది జమీందారు. రైతు పేరు సర్కారు పుస్తకంలో ఉండాల్సిన పనిలేదు, ఎస్టేటు కచేరీ పుస్తకంలో ఉండేది. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తరవాత సర్వే చేసి, 11వ సెక్షన్ కింద రైతులకి పట్టాలిచ్చినప్పుడే పేరూ పేరూ సర్కారు లెక్కకెక్కింది. కాబట్టి ఆ సర్వేలో పుట్టిన భూమి రిజిస్టర్లు, అంటే సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్, ఆర్.ఎస్.ఆర్. (రీసర్వే సెటిల్‌మెంట్ రిజిస్టరు) అన్నవి మనకి 1950ల కాగితాలు. అవి చేరే వెనకటి హద్దు అదే.

దారి ఇలా నడిచింది. రీసర్వే అయిన ఊరు గనక ఇప్పటి పాస్‌పుస్తకంలో ఎల్.పి.ఎం. నంబరు (రీసర్వేలో ఒక్కో చెక్కకి ఇచ్చిన కొత్త నంబరు). దాన్నుంచి పాత సర్వే నంబరు. ఆ నంబరుతో ఆర్.ఎస్.ఆర్. పేజీ, అందులో మొదటి పట్టాదారు. సెటిల్‌మెంట్ కాగితాల్లో దానికి ఎదురుగా పాత పైమాషీ (వెనకటి కొలతల నాటి) నంబరు. ఆ పైమాషీ నంబరు 1947 దస్తావేజు షెడ్యూల్లోనూ ఉంది. అంటే అది ఈ చెక్కే, వీళ్లు ఆ మనుషులే. నంబర్లు కలవని చోట హద్దులు కలపాలి: తూర్పున చెరువుగట్టు, పడమర ఫలానావారి పల్లం. హద్దులో ఉన్న పక్క రైతు ఇంటిపేరు కూడా రాసుకోవాలి. పంపకాలయ్యాక పక్క రైతు చాలాసార్లు అన్నదమ్ముడే.

ఒక హెచ్చరిక. ఫసలీ 1355 రసీదు, అంటే 1945-46, ముత్తాత పేరు మీదే ఉంది. ఆయన పోయింది 1945 ఫిబ్రవరిలో. ఫసలీ 1358కి గానీ తాత పేరు రాలేదు. పట్టా మార్పు ఎప్పుడూ చావు వెనకే నడుస్తుంది, ఒక్కోసారి ఇరవై ఏళ్లు వెనకబడుతుంది. పట్టాలో పేరుందంటే మనిషి బతికున్నట్టు కాదు.

కాగితాలు అడగడానికి సమాచార హక్కు దరఖాస్తు చాలు: గ్రామస్థాయిలో రుసుము లేదు, మండలస్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10, నకళ్లు పేజీకి 2 రూపాయలు, గడువు 30 రోజులు. 'మా తాత భూమి వివరాలు' అని రాస్తే తిరిగొస్తుంది. 'ఫలానా రెవెన్యూ గ్రామం, ఫలానా సర్వే నంబరు, ఆర్.ఎస్.ఆర్. సంబంధిత పేజీ ధ్రువీకరించిన నకలు' అని రాయాలి. ఒక దరఖాస్తుకి ఒక రికార్డే. మా మొదటి దరఖాస్తులో నాలుగు కలిపాం, ఒక్కదానికే జవాబొచ్చింది.

9వ వారం: గొలుసుకట్టు

ఊళ్లో పాత కరణం ఇంటివారి దగ్గర కొన్ని లెక్కలు మిగిలాయి. 1984లో గ్రామాధికారుల వ్యవస్థ రద్దయినప్పుడు పుస్తకాలు అప్పగించాలి, కానీ తాతలనాటి సొంత నకళ్లు చాలా ఇళ్లలో ఉండిపోయాయి. మన వైపు కరణీకం ఎక్కువగా శిష్టకరణాల ఇళ్లలో ఉండేది. పాతపట్నం, టెక్కలి, సోంపేట వైపు లెక్కల్లో ఒడియా రాత కూడా తగులుతుంది, చదివేవాళ్లని వెంట తీసుకెళ్లాలి. పుస్తకం అడగకూడదు, వాళ్ల అరుగు మీదే ఫోటో తీసుకుంటామని అడగాలి. ఇచ్చారు.

రాత గొలుసుకట్టు: మాటకీ మాటకీ ఎడం లేదు, కలం ఎత్తకుండా అక్షరం అక్షరానికి తగిలించి ఉంది. దాన్ని మొదటి నుంచి చదవబోతే కుదరదు. మనకి ముందే తెలిసిన మాటలు పట్టుకోవాలి: ఊరి పేరు, 'కొడుకు', 'కాపురస్తుడు', 'ఫసలీ', రూపాయల మొత్తం. వాటిలోని అక్షరాలు ఒక్కొక్కటే కత్తిరించి ఒక పట్టిక చేసుకోవాలి. ఆ రాసిన చేతికి 'క' ఎలా ఉంది, తలకట్టు ఎటు తిరిగింది, 'న'కీ 'స'కీ తేడా ఎక్కడ. నలభై అక్షరాల పట్టిక తయారయ్యాక మిగతా పేజీ కదిలింది. ఒక చేతి పట్టిక ఇంకో చేతికి పనికిరాదు. తెలుగు అంకెల్లో ౨, ౩ వెలిసిపోయిన చోట కచ్చితంగా మోసం చేస్తాయి. మొత్తం కూడిక వేసి సరిచూడాలి. భిన్నాల్లో వీసం అంటే పదహారో వంతు, వాటా లెక్కల్లో అది తెలిస్తే ఎంతమంది అన్నదమ్ములో తేలుతుంది. మనకి 'నాలుగో వాటా' అని దొరికింది. పటంలో ఇద్దరే ఉన్నారు. ఇంకో ఇద్దరి పేర్లు వెతకాలి.

10వ వారం: ఇనాం

తల్లివైపు ఊళ్లో కొద్దిగా ఇనాం భూమి (శిస్తు లేకుండానో తగ్గించో దానంగా ఇచ్చినది) ఉందన్న మాట వినగానే ఆశ పుట్టింది. మద్రాసు ప్రెసిడెన్సీలో ఇనాం కమిషన్ 1858లో ఏర్పడింది. అది తయారుచేసిన ఇనాం ఫెయిర్ రిజిస్టరులో మొదట ఎవరికిచ్చారు, ఇప్పుడు అనుభవిస్తున్నది ఎవరు, ఆయన వయసెంత, మొదటివారికి ఏమవుతాడు అన్న గడులు ఉంటాయి. ఒక్క పేజీలో మూడు తరాలు దొరకొచ్చు. నకలు కోసం కలెక్టరేటు రికార్డు రూములో అడిగి, లేకపోతే రాష్ట్ర ఆర్కైవ్స్‌కి రాయాలి.

మనకి దొరకలేదు. కారణం తరవాత తెలిసింది. శాశ్వత పరిష్కారానికి ముందున్న ఇనాములే కమిషన్ చూసింది. ఆ తరవాత జమీందారు తన భూమిలోంచి ఇచ్చినవి దాని లెక్కలోకి రావు. ఇది అలాంటిదే. ఇనాం అనగానే ఫెయిర్ రిజిస్టరు వెంట పడకుండా ముందు ఎప్పుడిచ్చారో తేల్చుకోవాలి.

11వ వారం: రంగం వెళ్లినవాళ్లు

నాలుగు వాటాల్లో ఒకాయన 'రంగం పోయి రాలేదు' అని ఇంట్లో మాట. రంగం అంటే రంగూన్. కళింగపట్నం, బారువ, భీమునిపట్నం రేవుల నుంచి స్టీమర్లలో మనవాళ్లు వెళ్లారు. అక్కడ తెలుగువాళ్లని కోరంగీలు అనేవారు. 1937 ఏప్రిల్‌లో బర్మా విడిపోయే దాకా అది బ్రిటిష్ ఇండియాలో భాగమే కాబట్టి వెళ్లిన ప్రతివాడికీ పాస్‌పోర్టు ఉంటుందనుకోకూడదు. 1964 తరవాత కాందిశీకులుగా వచ్చినవాళ్ల ఇళ్లలో మాత్రం కాగితాలు బాగా ఉంటాయి, ఎందుకంటే స్థలానికీ అప్పుకీ అవే ఆధారం. విశాఖ, శ్రీకాకుళం ప్రాంతాల్లోని బర్మా కాలనీల్లో అదే ఇంటిపేరు వాళ్లని కలిసి ఒక ప్రశ్న అడుగుతున్నాం: మీ పెద్దలు ఏ ఊరి పేరు చెప్పేవారు? ఇంటిపేరు ఒక్కటే సరిపోదు. అదే ఇంటిపేరు మూడు నాలుగు కులాల్లో ఉంటుంది. ఊరు, గోత్రం, కులదేవత మూడూ కలవాలి.

క్రైస్తవ కుటుంబాలకి ఈ రెండు జిల్లాల్లో ఇంకో దారి ఉంది. కెనడియన్ బాప్టిస్టు మిషన్ బొబ్బిలి, శ్రీకాకుళం ప్రాంతాల్లో 19వ శతాబ్దం నుంచీ పనిచేసింది, స్థానిక సంఘాల బాప్తిస్మ పుస్తకాలు అడగాలి. ముస్లిం కుటుంబాలకి ఖాజీల నిఖా రిజిస్టర్లు. ఈ పటంలో వాటి అవసరం రాలేదు.

12వ వారం: ఎక్కడున్నాం

తండ్రివైపు నాలుగు తరాలు. మూడు సిరాలో, ముత్తాత తండ్రి పెన్సిల్లో. ఆయన్ని సిరాలోకి తేవడానికి పర్లాకిమిడి ఆఫీసులో 1921 దస్తావేజు నకలుకి దరఖాస్తు పెట్టాం: నంబరు, సంవత్సరం, పాత తాలూకా పేరు, ఊరి పేరు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి, కింద పాత, కొత్త జిల్లాల వివరం ఒక వాక్యం. ఆ నకల్లో కొన్నాయన తండ్రి పేరు చట్టప్రకారం ఉండాలి, అదే ఐదో తరం.

తల్లివైపు నాలుగు తరాలు సిరాలో, ముత్తవ్వతో సహా. ఇల్లరికం వచ్చిన అల్లుడి అసలు ఊరు వీరఘట్టం వైపని నోటిమాట. ఆ ఊరి జాతకం కాగితం రేపు మొదలవుతుంది. దానికి 2022 దాకా శ్రీకాకుళం, ఇప్పుడు పార్వతీపురం మన్యం అని మొదటి గడి ఇప్పటికే నిండింది.